కొర్రమీను దేహనిర్మాణం

కొర్రమీను దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల చెరువుల్లో, కుంటల్లో, వరి మళ్లలో, నిదానంగా పారే వాగుల్లో పెరిగే మాంసాహారపు మంచినీటి చేప. మొప్పలతో పాటు తలలోని ప్రత్యేకమైన గదులతో నేరుగా గాలి పీల్చుకోవడం, నీరు బాగా తగ్గిన చోట కూడా ప్రాణం నిలుపుకోవడం, గుడ్లనూ పిల్లలనూ కాపలా కాయడం దీని ముఖ్య లక్షణాలు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త మార్కస్ ఎలీజర్ బ్లోక్ 1793లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. నేటి శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. తెలంగాణ పల్లెల్లో బొమ్మె, కొర్రమట్ట అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. ఇదే కుటుంబానికి చెందిన పూమీను ఇంకా పెద్దదిగా పెరుగుతుంది, మట్టగిడస చిన్నదిగానే ఉండిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది.

ఈ చేప శరీరాన్ని అర్థం చేసుకోవడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల చెరువులకు మించిన చోటు లేదు. కృష్ణ ఈ రెండు జిల్లాల దక్షిణపు అంచున లోతైన లోయలో పారుతుంది కాబట్టి, పైనున్న గ్రానైటు మెట్ట నేలకు శతాబ్దాల పాటు ఆ నీళ్లు అందలేదు. సాలుకు 600 నుంచి 750 మిల్లీమీటర్ల దాకా పడే వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ఆ వాన నీటిని వాగులకు అడ్డంగా కట్టలు పోసి నిలబెట్టి, ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులోకి చేరేలా గొలుసుగా కట్టుకున్నారు. పానగల్లు దగ్గర కందూరు చోళుల కాలం నాటి ఉదయసముద్రం వంటి పెద్ద చెరువులు కొన్నే. మిగిలినవన్నీ దసరా నాటికి నిండుగా, సంక్రాంతి నాటికి సగంగా, ఎండాకాలం ముదిరేసరికి తూము దగ్గర బురద మడుగుగా మారిపోయే చిన్న చెరువులు, కుంటలు. ఇలా ఏటా పుట్టి ఏటా చచ్చే నీటిలో స్థిరంగా వంశం నిలుపుకోగల చేపలు కొన్ని మాత్రమే ఉన్నాయి. వాటిలో మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, కొర్రమీను ముఖ్యమైనవి, నాలుగూ గాలి పీల్చేవే.

బాహ్య రూపం

కొర్రమీను దేహం ముందు భాగంలో గుండ్రటి కడ్డీలా, తోక వైపు కొద్దిగా పక్కలకు నొక్కినట్టు ఉంటుంది. సాధారణంగా రెండడుగుల లోపు పెరుగుతుంది, మీటరు దాకా పెరిగినవి కూడా నమోదయ్యాయి. తల పైన చదునుగా ఉండి, దాని మీద పలకల వంటి పెద్ద పొలుసులు పరుచుకొని ఉంటాయి. ఈ తల తీరు వల్లనే చన్నా కుటుంబపు చేపలకు పాముతల చేపలనే పేరు ప్రపంచమంతా స్థిరపడింది. వీపు నల్లని ఆకుపచ్చగా లేదా గోధుమ నలుపుగా, పొట్ట తెల్లగా ఉండి, పక్కల మీద వాలు చారలు దిగుతాయి. పైనుంచి చూసే కొంగకు బురదలో వీపు కనిపించదు, కింది నుంచి చూసే చిన్న చేపకు వెలుతురులో పొట్ట కనిపించదు.

తల వెనక మొదలైన వీపు వాజం దాదాపు తోక దాకా ఒకే పొడవాటి పట్టీగా సాగుతుంది. దానిలోని 37 నుంచి 46 దాకా ఉండే కిరణాలన్నీ మెత్తనివే. జిలేబీ వంటి చేపలకుండే గట్టి ముల్లు ఒక్కటీ ఉండదు. పొట్ట కింద, మలద్వారం వెనక మొదలయ్యే పాయు వాజం కూడా పొడవైనదే. కలుపు మొక్కల మధ్య చేప కదలకుండా పొంచి ఉన్నప్పుడు ఈ రెండు వాజాలూ సన్నగా అలలాడుతూ దేహాన్ని ఒకే చోట నిలబెడతాయి, అవసరమైతే వెనక్కి కూడా నడిపిస్తాయి. ఎర దగ్గరికి రాగానే గుండ్రటి తోక ఒక్క విసురులో దేహాన్ని ముందుకు తోస్తుంది. ఎక్కువ దూరం ఈదడం దీని పని కాదు. కండరాల్లో తెల్లని రకం, అంటే క్షణకాలం బలంగా పనిచేసి త్వరగా అలిసిపోయే రకం ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. కండరాల మధ్య సన్న ముళ్లు తక్కువగా ఉండటం కూర వండుకునేవారికి కలిసివచ్చిన సంగతి. బొచ్చె, రవ్వ వంటి చేపల కండలో రెండు పాయలుగా చీలిన ముళ్లు నిండా ఉంటాయి కాబట్టి, బజారులో వాటికీ కొర్రమీనుకూ ధర తేడా పెద్దగానే ఉంటుంది.

దేహానికి రెండు వైపులా, తల నుంచి తోక దాకా, పార్శ్వరేఖ సాగుతుంది. పొలుసులకు పడిన సూక్ష్మ రంధ్రాల వరుస ఇది; నీటి కదలికను పసిగట్టే జ్ఞానకణాలు వాటి లోపల ఉంటాయి. కొర్రమీనులో ఈ గీత కొంత దూరం పోయాక ఒక్కసారిగా రెండు వరుసల కిందికి దిగి మళ్లీ సాగడం జాతిని గుర్తుపట్టే ఆనవాళ్లలో ఒకటి. మట్టి రంగు నీటిలో కన్ను చేయలేని పని ఈ గీత చేస్తుంది: కప్ప ఎటు దూకిందో, పరక ఎటు తిరిగిందో చీకట్లోనూ తెలుపుతుంది.

సొరతో పోలిస్తే

చేపల దేహనిర్మాణానికి పాఠ్యపుస్తకాలు తరచుగా సొరనే నమూనాగా తీసుకుంటాయి, కానీ సొరకూ కొర్రమీనుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. సొర అస్థిపంజరం మృదులాస్థితో, అంటే ఎముక కంటే మెత్తగా, వంగే గుణమున్న కణజాలంతో చేసినది; కొర్రమీనుది గట్టి ఎముక. సొరకు మూత లేని ఐదు నుంచి ఏడు మొప్ప చీలికలు ఉంటాయి; కొర్రమీను మొప్పలను ఒక ఎముక మూత కప్పుతుంది, ఆ మూత కింద దొరికిన చోటే దాని ప్రత్యేక శ్వాసాంగానికి ఆధారమైంది. సొర చర్మం మీద పళ్ల వంటి నిర్మాణమున్న గరుకు పొలుసులు ఉంటే, కొర్రమీను మీద ఒకదాని మీద ఒకటి కప్పుకొన్న పల్చటి పొలుసులు, వాటిపైన జిగురు ఉంటాయి. సొరకు గాలితిత్తి లేదు, మునిగిపోకుండా నూనె నిండిన పెద్ద కాలేయం తోడ్పడుతుంది. కొర్రమీను గాలితిత్తి పొట్ట దాటి తోక భాగం దాకా సాగుతుంది. అంతులేని సముద్రంలో, ప్రాణవాయువు కరువు లేని నీటిలో, నిరంతరం తిరుగుతూ వేటాడటానికి తగిన దేహం సొరది. నాలుగు మూరల బురద మడుగులో కదలకుండా కాచుకొని కూర్చోవడానికి తగినది కొర్రమీనుది.

అయినా సొరల వంశం తెలంగాణ నేలకు పూర్తిగా పరాయిది కాదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి శిలల్లో, 20 కోట్ల ఏళ్లకు పైబడిన ట్రయాసిక్ యుగపు పొరల్లో, మంచినీటిలో జీవించిన సొర బంధువుల పళ్లు శిలాజాలుగా దొరికాయి. మృదులాస్థి త్వరగా కుళ్లిపోతుంది కాబట్టి పళ్లు, వాజపు ముళ్ల వంటి గట్టి భాగాలే మిగులుతాయి. పాముతల చేపల చరిత్ర అంత పాతది కాదు. వాటి తొలి శిలాజాల్లో ఒకటి పాకిస్తాన్‌లోని ఇయోసీన్ యుగపు పొరల్లో దొరికింది, దాని వయసు దాదాపు 5 కోట్ల ఏళ్లు.

శ్వాసాంగాలు

లీటరు గాలిలో ప్రాణవాయువు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. 30 డిగ్రీల వేడి నీటిలో, అది ఎంత స్వచ్ఛంగా ఉన్నా, లీటరుకు ఆరు మిల్లీలీటర్లు కూడా కరగదు. ఏప్రిల్, మే నెలల్లో కుళ్లిన ఆకులతో, పశువుల పేడతో నిండిన మడుగులో రాత్రి గడిచేకొద్దీ అది దాదాపు శూన్యానికి పడిపోతుంది. తెల్లవారుజామున బొచ్చెలు, రవ్వలు నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి ఆడించడం, ఎండ ఎక్కేలోపు కొన్ని వెల్లకిలా తేలడం చెరువు కాపలాదార్లందరికీ తెలిసిన సంగతే. కొర్రమీను ఈ చిక్కు నుంచి తప్పించుకున్న తీరు తెలియాలంటే మొప్ప మూత ఎత్తి చూడాలి.

మూత కింద నాలుగు జతల మొప్ప విల్లులు ఉంటాయి. వాటిమీది ఎర్రని తంతువులు మిగతా చేపల కంటే పొట్టిగా, పలుచగా కనిపిస్తాయి. మొత్తం శ్వాసకు సరిపోయేంత విస్తీర్ణం వాటికి లేదు. వాటిపైన, గొంతు కప్పుకూ కపాలానికీ మధ్య, కుడి ఎడమలుగా రెండు గదులు ఉంటాయి. మొదటి మొప్ప విల్లు పైభాగమూ, దవడను కపాలానికి కలిపే ఎముక నుంచి లోపలికి పెరిగిన పలకలూ కలిసి ఈ గదుల్లోకి మడతలు పడిన గోడలుగా చొచ్చుకొని వస్తాయి. ఆ గోడల మీద పరుచుకొన్న ఎర్రటి పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే, గులాబీ పూల గుత్తుల్లా చిన్న చిన్న బుడిపెలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. ఒక్కో బుడిపెలో రక్తకేశనాళికలు, అంటే వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు చుట్టలు చుట్టుకొని గాలికి అతి పల్చటి పొర దూరంలో ప్రవహిస్తాయి. ఊపిరితిత్తులతో దీనికి పుట్టుక సంబంధం ఏమీ లేదు. గాలితిత్తితోనూ లేదు. ఆ తిత్తికి గొంతులోకి తెరుచుకొనే గొట్టమే ఉండదు కాబట్టి, అది తేలడానికి పనికివస్తుందే తప్ప పీల్చిన గాలిని చేర్చుకోలేదు.

భారతీయ వాయుశ్వాస చేపల మీద తొలి విస్తృత పరిశోధనల్లో ఒకటి హైదరాబాద్‌తో సంబంధమున్న శాస్త్రవేత్తదే కావడం విశేషం. తరవాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడైన బి.కె. దాస్ 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ చేపల జీవన విధానాన్నీ, అదనపు శ్వాసాంగాలు పిల్లదశ నుంచి ఎలా రూపుదిద్దుకుంటాయో కూడా వివరించాడు. 1962లో జె.ఎస్. దత్తా మున్షీ కొర్రమీను, మట్టగిడసల శ్వాసాంగాల సూక్ష్మ నిర్మాణాన్ని వర్ణించాడు. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు పైగదులు ఉండవు, తొలి రోజుల్లో చర్మం, మొప్పలతోనే గడుస్తుంది. గదులు ఏర్పడి పనిలోకి దిగాక మాత్రం వెనక్కి తిరగడం లేదు. పెరిగిన కొర్రమీనుకు గాలి తప్పనిసరి. నీటి అడుగున వల కింద చిక్కి పైకి రాలేకపోతే, చుట్టూ ఎంత మంచి నీరున్నా, అది ఊపిరాడక చచ్చిపోతుంది. బురదలో బతికే నేర్పుకు ఈ చేప చెల్లించిన మూల్యం ఇదే.

గాలి మార్చుకొనే పద్ధతి కూడా గమనించదగ్గది. చేపల బజారులో సగం నీళ్లు పోసిన టబ్బులో బతికున్న కొర్రమీను కొద్ది నిమిషాలకొకసారి మూతి పైకెత్తి, నోటి నుంచి ఒక బుడగ వదిలి, చటుక్కున గాలి గుటకేసి కిందికి దిగడం ఎవరైనా చూడవచ్చు. పైకి ఒకే కదలికలా కనిపించే దానిలో రెండు అంచెలు ఉన్నాయి: పాముతల చేపల్లో మొదట మొప్పల వైపు నుంచి నీరు ఎదురుదారిన పైగదుల్లోకి ఎక్కి, వాడిన గాలిని నోటిలోకి తోసేస్తుంది, ఆ గాలి బయటికి పోయాక నోరు కొత్త గాలిని తీసుకొని గదుల్లోకి నొక్కుతుంది. నీటితో గదిని కడిగి గాలిని దాదాపు పూర్తిగా మార్చడం వల్ల ప్రతి గుటకా లాభసాటి అవుతుంది. ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచి రక్తంలోకి చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు మాత్రం మొప్పలు, చర్మం గుండా నీటిలోకే పోతుంది. నీటిలో అది తేలిగ్గా కరుగుతుంది కాబట్టి ఈ పని విభజన సహజమే.

రక్తప్రసరణలోనూ దీనికి తగిన మార్పు జరిగింది. మామూలు చేప గుండె నుంచి ఒకే ధమని బయలుదేరి మొప్పలన్నిటికీ రక్తం పంచుతుంది. పాముతల చేపల్లో ఆ ధమని ఆరంభంలోనే రెండుగా చీలుతుంది. ముందుది మొదటి రెండు మొప్ప విల్లుల గుండా శ్వాస గదులకు రక్తం తీసుకుపోతే, వెనకది మిగతా రెండు విల్లుల గుండా దేహానికి పంపుతుంది. గదుల్లో గాలి తగిలి ఎర్రబడిన రక్తం సిరల ద్వారా మళ్లీ గుండెకే వస్తుంది. గుండెలో కర్ణిక ఒకటే, జఠరిక ఒకటే అయినప్పటికీ మంచి రక్తం, చెడు రక్తం పూర్తిగా కలిసిపోకుండా కొంత మేరకు వేరుగానే ప్రవహిస్తాయి. కప్పల్లో, బల్లుల్లో మరింత ముందుకు సాగిన ఏర్పాటుకు ఇది పోలికగా కనిపించినా, ఆ జీవుల వంశంతో సంబంధం లేకుండా విడిగా వచ్చినదే.

బురదలో వేసవి

చెరువు అడుగంటినప్పుడు కొర్రమీను తూము గుంటలోని చివరి నీటికి చేరుతుంది. అదీ ఇంకిపోతే మెత్తటి ఒండ్రులోకి తలతో తోసుకొని దిగుతుంది. చర్మం, శ్వాస గదులు తడిగా ఉన్నంత కాలం, నిల్వ కొవ్వుతో, కదలికలు తగ్గించుకొని అది నిలవగలదు. ఈ దశలో జిగురు ప్రధానమైన రక్షణ. చర్మంలోని గ్రంథులు స్రవించే ఈ పొర తేమను పట్టి ఉంచుతుంది, బురదలోని సూక్ష్మజీవులను చర్మానికి అంటకుండా ఆపుతుంది. వంటింట్లో దీన్ని బూడిదతోనో రాళ్ల ఉప్పుతోనో రుద్ది వదిలించడానికి పట్టే శ్రమను బట్టే ఆ పొర ఎంత గట్టిగా అంటుకొని ఉంటుందో తెలుస్తుంది. బురద ఆరి నెర్రెలు విచ్చే దాకా పోతే చేప కూడా చస్తుంది. ఏళ్ల తరబడి ఎండిన మట్టిలో నిద్రపోయే ఆఫ్రికా ఊపిరితిత్తి చేపతో కొర్రమీనును సమానం చేయడం అతిశయోక్తి.

నేల మీద నడుస్తుందనే మాటలోనూ సగమే నిజముంది. తడి గడ్డి మీద, వాన వెలిసిన పొలం గట్టు మీద, దేహాన్ని పాములా మెలితిప్పుతూ, ఛాతీ వాజాలను ఆన్చుకొంటూ కొంత దూరం పాకగలదు. తొలకరిలో ఒక కుంట నుంచి మరో కుంటకు చేరడం ఇలాగే, వరద నీటికి ఎదురెక్కడం ద్వారానూ జరుగుతుంది. మొదటి వానకే ఎండిన చెరువులో చేపలు కనిపిస్తే ఆకాశం నుంచి పడ్డాయనే నమ్మకం పల్లెల్లో ఉంది. అక్కడి చేపల్లో గాలి పీల్చే జాతులే ముందుగా కనిపించడం ఆ నమ్మకానికి తగిన జవాబు.

ఆహారం, సంతానం

కొర్రమీను నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది. కింది దవడలో సన్నని పళ్ల వరుస వెనక నాలుగు నుంచి ఏడు దాకా కోరల వంటి పెద్ద పళ్లు ఉంటాయి; నమలడానికి కాదు, జారిపోకుండా పట్టడానికి. చిన్న చేపలు, రొయ్యలు, కప్పలు, పురుగులు దీని ఆహారం, తన జాతి పిల్లలకూ మినహాయింపు లేదు. మాంసం త్వరగా జీర్ణమవుతుంది కాబట్టి పేగు దేహం కంటే పొట్టిగా ఉంటుంది. సంచి లాంటి జీర్ణాశయం చివర రెండు గొట్టపు తిత్తులు జీర్ణరసాలు పనిచేసే విస్తీర్ణాన్ని పెంచుతాయి.

మిరుగు దాటి చెరువు అంచులు మునగగానే జత కట్టిన కొర్రమీన్లు గడ్డి మధ్య చేరెడు చోటు శుభ్రం చేసి గుడ్లు పెడతాయి. గుడ్డులోని నూనె బిందువు దానిని తేలుస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా శ్వాసకు సంబంధించిన ఏర్పాటే: అడుగున ప్రాణవాయువు లేని నీటిలో మునిగే గుడ్డు బతకదు, గాలికి తగిలే పైపొరలో తేలే గుడ్డు బతుకుతుంది. వేడిని బట్టి ఒకటి రెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. కొంచెం ఎదిగాక నారింజ ఎరుపు రంగుతో, వందలాదిగా ఒకే ముద్దగా నీటి పైన తిరిగే ఆ గుంపు కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి; దగ్గరికొచ్చిన కప్పనూ, మనిషి కాలినీ కూడా కరవడానికి వెనకాడవు. ఎర్ర గుంపు కనబడిన చోటే గాలం వేసి పెద్దచేపను పట్టడం పాత పద్ధతి, సులభమైనదే కానీ ఒక్క చేపతో వందల పిల్లలు దిక్కులేనివవుతాయి. మృగశిర కార్తెలో హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో మింగించేది కూడా కొర్రమీను పిల్లనే. దానితో ఉబ్బసం నయమవుతుందని వైద్యశాస్త్రపరంగా రుజువు కాలేదు.

మారిన నీరు

నాగార్జునసాగర్, జూరాల జలాశయాల తరవాత, ఎత్తిపోతల కాల్వలు ఉదయసముద్రం వంటి చెరువులకు కృష్ణ నీటిని చేర్చాక, కొన్ని చోట్ల వేసవి మునుపటిలా లేదు. నీరు ఏడాది పొడవునా నిలిచే చెరువులో గాలి పీల్చే నేర్పు పెద్ద పెట్టుబడి కాదు. అక్కడ సహకార సంఘాలు వదిలే బొచ్చె, రవ్వ పిల్లలు బాగా ఎదుగుతాయి, కొర్రమీను వాటిని తినే దొంగగా లెక్కకొస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టి పొలాలకు బలమిచ్చింది. అదే ఒండ్రు ఈ చేపకు వేసవి ఇల్లు కూడా కాబట్టి, తూము దగ్గర కొంత లోతు మడుగు వదలడం మేలు. చర్మం మీద పుండ్లు వేసే ఒక బూజు వ్యాధి 1988లో దేశంలోకి వచ్చింది. చలికాలంలో కొర్రమీన్లను ఎక్కువగా బాధించే ఈ జబ్బు జిగురు పొర చెడిన చోటే లోపలికి దిగుతుంది.

మరోవైపు ఇదే దేహం కొత్త చోట ముప్పుగా మారగలదు. 2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రపు క్రాఫ్టన్ చెరువులో కొర్రమీనుకు దగ్గరి చుట్టమైన ఉత్తర పాముతల చేప బయటపడ్డాక, ఆ దేశం ఈ కుటుంబపు చేపలన్నిటినీ బతికి ఉండగా దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. ఇక్కడ పెంపకం చెరువుల్లో మాత్రం, నీటి ప్రాణవాయువు మీద ఆధారపడదు కాబట్టి, కొర్రమీనును బొచ్చె కంటే ఎంతో దట్టంగా వేయవచ్చు. పెద్దవి చిన్నవాటిని తినకుండా సైజు వారీగా తరచూ వేరుచేయాలి, వాన రాత్రుల్లో గట్టు దాటి పోకుండా చుట్టూ వల కట్టాలి, ఆ వల నీటి ఉపరితలాన్ని ఎక్కడా మూయకుండా చూసుకోవాలి.